వదులు చేయకూడని కట్టు

చీమకుర్తి

చిరంజీవి పెద్దబ్బాయికి నాన్న ఆశీస్సులు.

యుద్ధభూమిలో గాయపడినవారికి తొలి చికిత్స నేర్పే బ్యాటిల్ ఫీల్డ్ నర్సింగ్ అసిస్టెంట్ కోర్సుకు నిన్ను ఎంపిక చేశారని చదివి మీ అమ్మ ఇరుగుపొరుగుకు మిఠాయి పంచింది. నేను మాత్రం రెండు రోజులుగా పాత సంగతే తలచుకుంటున్నాను. పటాలంలో మా కాలంలో టూర్నికెట్, అంటే రక్తం ఆపడానికి కాలికో చేతికో బిగించే పట్టీ, కడితే కాలు పోతుందని భయపెట్టేవారు. తప్పనిసరై కట్టినా పావుగంటకోసారి వదులు చేసి కాలికి రక్తం అందనివ్వాలని నేర్పారు. ఆ పాఠం తప్పని నాకు తెలిసింది యుద్ధభూమిలో కాదు, ఇక్కడి గ్రానైట్ క్వారీలో.

రాయి కోసే వైరు తెగి ఒక కుర్రవాడి పిక్క చీలిన సంగతి నీకు తెలుసు గానీ, నా పొరపాటు చెప్పలేదు. తోటివాళ్లు మోకాలి పైన తువాలు కట్టారు. ముడి వదులుగా ఉండటంతో రక్తాన్ని వెనక్కి తీసుకుపోయే సిరలు మాత్రమే మూసుకుని, ధమని మాత్రం తోస్తూనే ఉండి, గాయం మునుపటికంటే ఎక్కువగా కారింది. నేను ఆ తువాలులోనే స్పానర్ దూర్చి, ధార ఆగేదాకా మెలిపెట్టి, దిమ్మెలకు నంబర్లు వేసే పసుపు పెయింటుతో కట్టిన వేళను అతని తొడ మీద రాశాను. అంతవరకూ బాగానే ఉంది. ఒంగోలు తీసుకుపోతుండగా, సంతనూతలపాడు దాటాక, "వదులు చెయ్యి బాబాయ్, ప్రాణం పోతోంది" అని అతను ఏడ్చాడు. పాత పాఠం గుర్తొచ్చి ఒక మెలిక విప్పాను. క్షణంలో జీపు సీటు తడిసింది. మళ్లీ బిగించాను, అదృష్టవశాత్తూ మనిషీ దక్కాడు, కాలూ దక్కింది.

2006లో బాగ్దాద్‌లోని అమెరికా సైనిక ఆసుపత్రిలో జరిగిన పరిశీలనలో, షాక్‌లోకి (రక్తం బాగా పోయి ఒంట్లో రక్తప్రసరణ దెబ్బతినే స్థితిలోకి) జారకముందే టూర్నికెట్ కట్టినవారిలో నూటికి 90 మంది, జారిన తరువాత కట్టినవారిలో నూటికి 10 మంది మాత్రమే బతికారని, ఆ కట్టు వల్లనే కాలో చెయ్యో పోయినవారు లేరని చదివినప్పుడు, ఆ జీపు సీటే నా కళ్ల ముందు మెదిలింది.

తొడలోని పెద్ద ధమని తెగితే ప్రాణం అయిదు నిమిషాలు కూడా నిలవకపోవచ్చు కనుక, కాల్పుల మధ్య గాయం వెతుకుతూ కూర్చోకుండా, యూనిఫారం మీదనే తొడ మొదట్లో బిగించు. మరుగున చేరాక బట్ట కత్తిరించి, గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద పడకుండా, మరొకటి సరిగ్గా వేయవచ్చు. ధార ఆగాలి, పాదం దగ్గర నాడి అందకూడదు. నొప్పితో అరుస్తున్నాడంటే బిగువు ఎక్కువైందని అనుకోవద్దు. గజ్జల్లోనో చంకలోనో తగిలితే కట్టు నిలవదు కాబట్టి, రక్తం గడ్డకట్టించే మందు పట్టించిన గాజుగుడ్డను గాయం అడుగుదాకా కూరి, కనీసం మూడు నిమిషాలు, మధ్యలో ఎత్తి చూడకుండా అదిమిపట్టాలి. మూడు నిమిషాలు ఎంత పెద్దవో గడియారం పెట్టుకుని గోడను అదిమి చూడు.

దీపం ఆర్పి, చేతులు తడుపుకుని, ఒంటి చేత్తో నీకు నువ్వే కట్టుకోవడం సాధన చెయ్యి. సాధనకు వాడిన టూర్నికెట్‌ను మాత్రం సరిహద్దుకు తీసుకుపోవద్దు. పదేపదే లాగితే పట్టీ నీరసపడుతుంది.

సెలవుకు వచ్చేటప్పుడు ఆ పాతది ఒకటి అనుమతి అడిగి తీసుకురా. నా తొడకే కట్టి చూపిద్దువుగాని. పాదం నాడి అమ్మ చూస్తుంది.

ఇట్లు,
మీ నాన్న