గద్దర్ అవార్డుల్లో ర్యాప్‌కు చోటేదీ? సినిమాటోగ్రఫీ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర సినిమాటోగ్రఫీ మంత్రి గారికి,

నమస్కారం. నేను కృష్ణానగర్‌లో చిన్న స్టూడియో నడుపుకునే రికార్డింగ్ ఇంజినీర్ని. నిరుడు ఒక సినిమా పాట మధ్యలో ర్యాప్ కావాలంటే ఒక పిల్లగాడొచ్చాడు. మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో పదహారు బార్లు, అంటే పదహారు ర్యాప్ పంక్తులు, రాసుకున్నాడు. లోపలికొచ్చి మూడో టేక్‌లో ముగించాడు. పాట విడుదలయ్యాక చూస్తే సాహిత్యం అన్నచోట పల్లవి, చరణాలు రాసిన కవిగారి పేరుంది. గానం అన్నచోట వాటిని పాడినవారి పేరుంది. మావాడి పేరు అడుగున, ఉత్త 'ర్యాప్' అని.

పేరు పడింది కదా అనకండి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పాట రాసినవారికి రాయల్టీ హక్కు గట్టిపడింది. కానీ రాసింది తనేనని కాగితం మీద ఉండాలి కదా! రచయితగా పేరు లేనివాడు ఏమని అడుగుతాడు?

2025 జూన్ 14న హైటెక్స్‌లో మీ ప్రభుత్వం తొలిసారి గద్దర్ ఫిల్మ్ అవార్డులు ఇచ్చినప్పుడు మా స్టూడియోలో అందరం టీవీ ముందే ఉన్నాం. ఉత్తమ గీత రచయిత, ఉత్తమ గాయకుడు, ఉత్తమ గాయని, అన్నీ ఉన్నాయి. ర్యాపర్ వీటిలో దేనికిందికి వస్తాడు? రాసేదీ వాడే, పలికేదీ వాడే. మాటను ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీయాలో రాసేటప్పుడే అనుకుంటాడు. రాతను ఒకచోట, గొంతును ఒకచోట పెట్టి తూస్తే రెండూ తేలిపోతాయి.

నిజానికి గద్దర్ చేసిందీ ఇదే కదా. గొంగడి భుజానేసి, కాళ్లకు గజ్జె కట్టి, తన మాట తనే కట్టి, తనే పాడి, తనే ఆడినవాడు. ఆయన పేరు మీద ఇచ్చే అవార్డుల్లో ఆయనలా తన పాట తనే రాసి పలికేవాడికి చోటు లేదు. ఇది మీకు వింతగా అనిపించలేదా?

అందుకే ర్యాప్‌కు విడిగా ఒక విభాగం పెట్టమని అడుగుతున్నాను. మొక్కుబడిగా ఇస్తే మాత్రం వద్దు. 1989లో అమెరికా సంగీత అవార్డులైన గ్రామీ వాళ్లు మొదటిసారి ర్యాప్‌కు అవార్డు పెట్టి, దాన్ని టీవీలో చూపించకుండా ఇచ్చేద్దామనుకున్నారు. గెలిచిన ర్యాప్ జంట డీజే జాజీ జెఫ్, ఫ్రెష్ ప్రిన్స్ వేడుకకే వెళ్లలేదు. 1998లో కెనడా సంగీత అవార్డులైన జూనోల్లోనూ ఇంతే. కెమెరా లేనప్పుడు ఇచ్చారని రాస్కల్స్ అనే ర్యాప్ బృందం వద్దు పొమ్మంది. మరుసటి ఏడాది ఆ విభాగం ప్రధాన వేదిక మీదికి వచ్చింది. అవార్డు వద్దనడం మనకూ కొత్త కాదులెండి, నంది పురస్కారాన్ని గద్దరే తిప్పికొట్టారు.

సినిమా పాటలకే పరిమితం చేస్తే సగం పని కూడా కాదు. ఈ పిల్లల అసలు పనంతా సినిమా బయటే, యూట్యూబ్‌లోనే ఉంది. సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ ఉంటుంది, విడి పాటకు ఉండదు. కాబట్టి పాట ఏ ఏడాది అవార్డుకు వస్తుందో తేల్చడానికి విడుదల తేదీనే లెక్కలోకి తీసుకోమని నిబంధన పెట్టండి. దక్కనీ, అంటే మన హైదరాబాదీ ఉర్దూ ర్యాప్‌ను కూడా రానివ్వండి. ఉర్దూ మన రెండో అధికార భాష, పైగా పాతబస్తీ యాస ర్యాప్ 2019లోనే దేశమంతా మోగింది.

జ్యూరీలో ఈ విద్య తెలిసినవారు ఒక్కరైనా ఉండాలి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందుకని తెలుగులో చివరి ప్రాస ఎవడైనా కలిపేస్తాడు. రెండో అక్షరంలో ప్రాస పట్టి, బీట్ తప్పకుండా, అర్థం చెడకుండా నడిపించేవాడే మొనగాడు. అది వినగానే పట్టుకునే చెవి కావాలి. యూట్యూబ్ వ్యూస్ చూసి ఇచ్చేదానికైతే జ్యూరీ ఎందుకు? బూతులుంటాయని ఎవరైనా అడ్డుపడితే, ఆ పాట పక్కన పెట్టండి, విభాగాన్ని కాదు.

మావాడు మొన్న మళ్లీ వచ్చాడు. ఈసారి తన సొంత పాట. "అన్నా, అవార్డుకు పంపాలంటే రచయిత అని రాయాల్నా, సింగర్ అని రాయాల్నా?" అని అడిగాడు. వచ్చే ఏడాది దరఖాస్తు ఫారం అచ్చుకు వెళ్లేముందు వాడికేం చెప్పాలో మీరే తేల్చండి.

ఇట్లు,
ఒక రికార్డింగ్ ఇంజినీర్,
కృష్ణానగర్, హైదరాబాద్