మీ స్లాబు మీదికి రావలసిన ప్యానెళ్లను నేనే వెనక్కి పంపించాను

నల్లగొండ, నకిరేకల్, హాలియా ప్రాంతాల్లో మా దుకాణానికి బయానా ఇచ్చి, స్లాబు మీద ఇనుప స్ట్రక్చర్ కూడా నిలబెట్టించుకుని సోలార్ ప్యానెళ్ల కోసం ఎదురుచూస్తున్నవారందరికీ, జరిగినదేమిటో నా నోటితోనే చెప్పాలని ఇది రాస్తున్నాను. ప్యానెళ్లు రాకపోవడం కాదు, ఒకసారి వచ్చాయి. మా గోదాము ముందు లారీ ఆగింది, సరుకు కొంత దించాం కూడా. ఆ దించినదాన్ని తిరిగి ఎక్కించి, లారీని వచ్చిన దారినే పంపించాను. అది చూసినవాళ్లలో కొందరు, నేను ఎక్కువ ధరకు సరుకును వేరేవాళ్లకు అమ్ముకున్నానని ప్రచారం చేశారు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో వ్యాపారం చేస్తున్న నాకు ఆ మాట ఎంత బాధ కలిగించిందో నన్ను ఎరిగినవారికి చెప్పనవసరం లేదు.

ముందుగా ఒక విషయం. ఆలస్యానికి విద్యుత్ శాఖ కార్యాలయమే కారణమని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఇళ్ల మీద పది కిలోవాట్ల లోపు సోలార్‌కు సాంకేతిక పరిశీలనతో పని లేకుండానే దరఖాస్తు ఆమోదం పొందినట్లు లెక్కించాలని 2024లో నిబంధనలు మార్చారు. మీ దరఖాస్తులు ఎక్కడా ఆగలేదు, ఆగింది సరుకు మాత్రమే.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద కోటి ఇళ్లకు సోలార్ అందించాలని కేంద్రం 75,021 కోట్ల రూపాయలు కేటాయించింది. మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000 రూపాయలు, అంటే మూడు కిలోవాట్లు పెట్టుకున్న ఇంటికి 78,000 రూపాయలు నేరుగా యజమాని బ్యాంకు ఖాతాలో పడతాయి. దానికి ఉన్న ముఖ్యమైన షరతు ఏమిటంటే, ప్యానెల్‌తో పాటు అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్లులు కూడా మన దేశంలోనే తయారై ఉండాలి. మా వ్యాపారంలో వీటిని డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. సెల్లులను బయటి దేశం నుంచి తెప్పించి, ఇక్కడ అద్దం, ఫ్రేము వేసి ప్యానెల్‌గా చేస్తే అది నాన్ డీసీఆర్ అవుతుంది. రెండింటినీ పక్కపక్కన పెడితే కంటితో తేడా కనిపెట్టడం నాకే సాధ్యం కాదు. ప్యానెల్ సీరియల్ నంబరును ప్రభుత్వ పోర్టల్‌లోని డీసీఆర్ జాబితాతో సరిచూస్తేనే తెలుస్తుంది.

ఇక సరఫరాదారు సంగతి. హైదరాబాద్ శివార్లలో గోదాములున్న ఈ డిస్ట్రిబ్యూటర్ దగ్గర దుకాణం తెరిచిన నాటి నుంచీ సరుకు కొంటున్నాను. ఆయన పేరు రాయను, కానీ ఆయన చేసిన పని మాత్రం దాచను. మీ అందరి ఆర్డర్లు కలిపి ఒక లారీ సరుకుకు డబ్బు ముందుగానే కట్టించుకున్నారు. ఆ తర్వాత సెల్లుల కొరత పెరిగిందని, వాట్‌కు ఇంత అదనంగా ఇస్తే తప్ప సరుకు కదలదని అన్నారు. పాత ధరకే ఒప్పుకున్నారు కదా అని అడిగితే కొన్నాళ్లు ఫోన్ ఎత్తలేదు. చివరకు ఒక రోజు, అదనం ఏమీ అక్కరలేదు, లారీ బయలుదేరిందని కబురు వచ్చింది. ప్యానెళ్ల వెనుక డీసీఆర్ అని స్టిక్కరు ఉంది, ధ్రువపత్రం కాగితాలు కూడా ఉన్నాయి. సీరియల్ నంబర్లు ఒక్కొక్కటీ సరిచూస్తుంటే వరుసగా కొన్ని అసలు జాబితాలోనే కనిపించలేదు. ఫోన్ చేస్తే ఆయన అన్న మాట ఇది: "అందరు ఇవే పెడుతున్నరు, మీకొక్కరికే ఎందుకింత పట్టింపు?" ఆ తర్వాత, బిల్లు మీద కొంత తగ్గిస్తాను, దించుకోండి అని బేరం మొదలుపెట్టారు. ఇన్నేళ్ల పరిచయంలో ఆయన నన్ను అలాంటి బేరానికి లొంగే మనిషిగా అంచనా వేశారన్నదే నేను ఇప్పటికీ మింగుకోలేకపోతున్న విషయం. నేను కట్టిన సొమ్ములో సగానికి పైగా ఇంకా ఆయన దగ్గరే ఉంది. దానికోసం లాయరు ద్వారా నోటీసు పంపించాను.

లారీని వెనక్కి పంపడం తేలికగా తీసుకున్న నిర్ణయం కాదు. ఆ ప్యానెళ్లు పనికిరానివి కావు. బిగిస్తే కరెంటు వచ్చేది, మూడు కిలోవాట్లకు రోజుకు సుమారు పన్నెండు యూనిట్లు ఇచ్చేవి. ఎండాకాలం ఏసీ బిల్లులు తప్పేవని, సబ్సిడీ సంగతి తర్వాత చూసుకుందామని మీలోనే కొందరు నన్ను బతిమాలారు. బిగింపు పని లేక మా కుర్రాళ్లు ఖాళీగా కూర్చున్నారు, వాళ్ల జీతాలు ఆగలేదు. విద్యుత్ శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మా పాత కస్టమర్ ఒకరు దుకాణానికి వచ్చి చాలాసేపు నాతో వాదించారు. "చమురు తెచ్చుకుంటే ఒకసారి కాలి అయిపోతుంది, మళ్లీ తెచ్చుకోవాలి, ప్యానెల్ బయటి దేశానిదే అయినా ఒకసారి వస్తే పాతికేళ్లు మన ఎండతోనే కరెంటు ఇస్తుంది. దిగుమతి అనగానే రెండింటినీ ఒకే గాటన కట్టకండి" అన్నారు. ఆ వాదనలో బలముంది, నేను కాదనను.

అయినా నా నిర్ణయం మారలేదు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచి వస్తున్నదే. స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్లు నిండే 2047 నాటికి ఇంధనం విషయంలో మన కాళ్ల మీద మనం నిలబడాలన్నది దేశం పెట్టుకున్న లక్ష్యం. ఇంటి మీది సోలార్ ఆ లక్ష్యంలో చిన్న భాగమే కావచ్చు. అది నేరుగా చమురును తగ్గించదు, తగ్గించేది ముఖ్యంగా బొగ్గును. ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటరు ఉంటే అప్పుడు పెట్రోలును కూడా తగ్గిస్తుంది. మన జిల్లాలోనే దామరచర్ల మండలంలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది, దానికి రోజూ రైళ్లలో బొగ్గు రావాలి. జలవిద్యుత్తుకు నాగార్జునసాగర్‌లో నీళ్లు నిండిన ఏడాది ఒక లెక్క, నిండని ఏడాది ఇంకొక లెక్క. స్లాబు మీద పడే ఎండకు రైలూ అక్కరలేదు, ఎగువ నుంచి వరదా అక్కరలేదు. ఆ ఎండను పట్టుకునే సెల్లు విషయంలోనే మనం ఇంకా వెనకబడి ఉన్నాం. ప్రపంచంలో సోలార్ తయారీలోని ప్రతి దశలోనూ 80 శాతానికి మించిన వాటా చైనాదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో ప్యానెల్ తయారీ సామర్థ్యం 2025 ఆగస్టులో 100 గిగావాట్లు దాటింది కానీ, సెల్లుల తయారీ అప్పటికి అందులో మూడో వంతు కూడా లేదు. ఇప్పటి కొరతకు మూలం అదే. పైగా 2026 జూన్ నుంచి సెల్లులకు కూడా ప్రభుత్వం ఆమోదించిన తయారీదారుల జాబితా వర్తిస్తుందని కేంద్రం ముందే ప్రకటించడంతో పెద్ద ప్లాంట్ల వాళ్లు కూడా ఇక్కడి సెల్లుల వెంట పడ్డారు. ప్రజల పన్నుల నుంచి 78,000 రూపాయలు ఇస్తున్నది ఇక్కడ సెల్లుల ఫ్యాక్టరీలు నిలబడాలనే. తప్పుడు స్టిక్కరు ఉన్న ప్యానెల్‌కు ఆ డబ్బు ఇప్పించడానికి నేను సంతకం పెట్టను. తనిఖీలో బయటపడితే నష్టపోయేది మీరు, బయటపడకపోతే నష్టపోయేది ఇక్కడ నిజాయితీగా సెల్లులు చేస్తున్న ఫ్యాక్టరీ.

దీని అర్థం నాన్ డీసీఆర్ ప్యానెళ్లను ముట్టుకోనని కాదు. మిర్యాలగూడ మిల్లులకు, దుకాణాలకు ఈ సబ్సిడీ లేదు. వాళ్లు కోరితే, అవి ఎలాంటివో బిల్లు మీద స్పష్టంగా రాసి, నిబంధనలు ఒప్పుకున్నంత మేరకు బిగిస్తూనే వచ్చాం. నాకు అభ్యంతరం ఉన్నది ప్యానెల్‌తో కాదు, దాని మీద అంటించిన అబద్ధంతో.

ఇకముందు జరగబోయేది ఇది. సెల్లులు కూడా సొంతంగా చేసే ఒక తయారీదారుతో మధ్యవర్తి లేకుండా ఒప్పందం చేసుకున్నాను. ధర ఎక్కువే పడింది. ఇప్పటికే బయానా ఇచ్చినవారి దగ్గర ఆ తేడా ఒక్క రూపాయి కూడా తీసుకోను, రసీదు మీద రాసిన ధరే చివరి ధర. వేసవి బిల్లుల భారం మీరు మోశారు కాబట్టి ఈ భారం నేను మోయడమే న్యాయం. బయానా ఇచ్చిన తేదీల వరుసలోనే బిగింపు జరుగుతుంది. ఎవరి సిఫారసుతోనూ ఆ వరుస మారదు, కాబట్టి దయచేసి ఎవరిచేతా ఫోన్లు చేయించవద్దు. ఇంతకుముందు బిగించిన ఇళ్లకు ఐదేళ్ల నిర్వహణ బాధ్యత ఎప్పటిలాగే మాది. కోతులు వైర్లు లాగినా, ఇన్వర్టర్‌లో ఎర్ర లైటు వెలిగినా ఎప్పటి నంబరుకే చెప్పండి.

కొత్తగా అడుగుతున్నవారి దగ్గర, సరుకు గోదాములో దిగి నంబర్లు సరిచూసేవరకు బయానా తీసుకోవడం లేదు. వారికి ఇంకొక మాట. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న ఇల్లైతే, మీకు సోలార్ వల్ల ఇప్పట్లో డబ్బు మిగలదు. ఈ మాట చెప్పి తిప్పి పంపినవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. నేను సరుకు అమ్ముకున్నానన్నవాళ్లు ఒకసారి వారిని కూడా అడిగి తెలుసుకోవాలి.

కొందరు ఇప్పటికే వేరే కంపెనీల దగ్గరికి వెళ్లారు. ఎదురుచూడలేని అవసరం వారిది, అందుకు నాకు కోపం లేదు. బిగించే ముందు సీరియల్ నంబర్లు మాత్రం మీ కళ్ల ముందే సరిచూపించమని వాళ్లను అడగండి. అది ఎలా చూడాలో తెలియకపోతే నంబర్ల ఫోటో నాకు పంపండి, ఎవరు బిగించిన ప్యానెళ్లయినా నేను చూసి చెబుతాను. బయానా వెనక్కి కావలసినవారు రసీదు తీసుకుని ఆదివారం తప్ప ఏ రోజైనా దుకాణానికి రావచ్చు. కారణం అడగను, పూర్తి సొమ్ము అదే రోజు ఇచ్చేస్తాను.