బూస్ట్ వాల్వ్ మార్పించుకున్న డీజిల్ బళ్ళ వాళ్ళకి ఒక మాట

ఈ మధ్య మా షెడ్డులో టర్బో ఇంజనులోకి నెట్టే గాలి ఒత్తిడిని, అంటే బూస్ట్‌ని, అదుపు చేసే బూస్ట్ కంట్రోల్ సోలెనాయిడ్ వాల్వ్ కొత్తది వేయించుకున్న కొన్ని డీజిల్ బళ్ళకి చెక్ లైటు మళ్ళీ వెలిగింది. పికప్ లేదు, 3000 ఆర్‌పీఎం దాటి ఎక్కడం లేదు, స్కానర్ పెడితే మళ్ళీ అదే పి0299, బూస్ట్ చాలడం లేదనే కోడ్. ఎవరైనా టర్బో పోయిందని భయపెడితే నమ్మకండి. చెడిపోయింది డీలరు మాకిచ్చిన వాల్వే.

సరుకు వెనక్కి పట్టుకెళ్తే ఆ డీలరు కౌంటర్ మీదే మల్టీమీటర్ పెట్టి, "15 ఓమ్స్ చూపిస్తోంది, వాల్వ్ శుభ్రంగా ఉంది, బిగించడం మీ కుర్రాళ్ళకే రాలేదు" అన్నాడు. ఆటోనగర్‌లో టర్బో పనికే పేరున్న షెడ్డుతో అనాల్సిన మాటేనా అది? డబ్బు సంగతి తర్వాత, ఆ మాటకి మాత్రం జవాబు చెప్పాలి.

ఓమ్స్ సరిగ్గా ఉంటే లోపలి కాయిల్ తెగలేదని అర్థం, అంతే. కాయిల్ తెగినా వైరు ఊడినా వచ్చే కోడ్లు వేరు: పి0045, పెట్రోల్ వేస్ట్‌గేట్ బళ్ళలో అయితే పి0243. పి0299 అంటే ఈసీయూ (ఇంజను కంప్యూటర్) అడిగినంత ఒత్తిడి ఇన్‌టేక్‌లో రావడం లేదని. కరెంటు వైపు బాగుంది, తేడా గాలి వైపు ఉంది. ఈ వాల్వ్‌కి మూడు దారులు. ఒకటి వాక్యూమ్ పంపు నుంచి, ఒకటి టర్బోలో రెక్కల్ని కదిపే యాక్చుయేటర్‌కి, మూడోది బయటి గాలికి. ఈసీయూ పల్సులు పెంచే కొద్దీ యాక్చుయేటర్‌కి వాక్యూమ్ పెరగాలి, టర్బోలో రెక్కలు మూసుకోవాలి, బూస్ట్ ఎక్కాలి. మాకొచ్చిన వాల్వుల్లో లోపల కదిలే ప్లంజర్ వేడిమీద సరిగ్గా కూర్చోవడం లేదు, వాక్యూమ్ మూడో దారిన పోతోంది. ఒకటి కోసి చూస్తే ఆ మూడో దారి దగ్గర ఉండాల్సిన ఫిల్టర్ స్పాంజి కూడా లేదు.

వేడి సంగతి ఎందుకంటే, రాగి తీగ 30 డిగ్రీల నుంచి 90కి వెళ్తే దాని రెసిస్టెన్స్ సుమారు 23 శాతం పెరుగుతుంది. 15 ఓమ్స్ 18 దాటుతుంది, కరెంటు ఆ మేరకు తగ్గుతుంది, ప్లంజర్‌ని లాగే బలమూ తగ్గుతుంది. అసలు వాల్వ్‌ని ఇది లెక్కేసుకునే తయారుచేస్తారు. నకిలీది కౌంటర్ మీద చల్లగా పాసై, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో కాసేపు నిలబడేసరికి చేతులెత్తేస్తుంది. అందుకే మేం టెస్టు ఇలా చేస్తున్నాం: ఇన్‌లెట్‌కి హ్యాండ్ వాక్యూమ్ పంపు, యాక్చుయేటర్ దారికి గేజి, డ్యూటీని, అంటే పల్సులో కరెంటు ఉండే వంతుని, 20 నుంచి 80 శాతం దాకా మెల్లగా పెంచడం. ముల్లు ఆగకుండా ఎక్కాలి, కరెంటు తీసేయగానే సున్నాకి రావాలి. తర్వాత హీట్ గన్‌తో 90 డిగ్రీల దాకా వేడిచేసి మళ్ళీ అదే. ఆ డీలరు వచ్చి పక్కన నిలబడి చూస్తానంటే మాకేం అభ్యంతరం లేదు.

ఇక మా నిర్ణయం. బయటి కంపెనీ వాల్వులు ఇక వేయం. కంపెనీ పార్టే తెప్పిస్తాం. ఇది తేల్చుకోవడానికి చాలా మథనపడ్డాం. గుంటూరు, విజయవాడ మధ్య క్యాబ్ తిప్పుకునే వాళ్ళకి బండి ఆగితే నెల కిస్తీకే ఎసరు. బయటి పార్టు అయితే సాయంత్రానికి బండి ఇచ్చేసే వాళ్ళం. చవక వాల్వులే కొని, వేడి టెస్టు పాసైనవి మాత్రం వేద్దామనీ అనుకున్నాం. కానీ ఇవాళ పాసైంది వచ్చే మే ఎండలకి ఏం చేస్తుందో హామీ ఎవరిస్తారు? మేమైతే ఇవ్వలేం. బిల్లు పెరుగుతుంది, పార్టు వచ్చేదాకా ఆగాలి. ఇష్టం లేకపోతే ఆటోనగర్‌లో షెడ్లకి కొదవలేదు, మొహమాటపడొద్దు.

పార్టు వచ్చేలోపు పి0299 ఉన్న బండిని నెమ్మదిగా నడపొచ్చు, హైవేలో ఓవర్‌టేకులు మాత్రం వద్దు. పి0234, అంటే బూస్ట్ మితిమీరే కోడ్ ఉంటే బండి కదపొద్దు. కొందరు వాల్వ్ తప్పించి వాక్యూమ్ గొట్టం నేరుగా యాక్చుయేటర్‌కి కలపమంటున్నారు. కలపం. రెక్కలు పూర్తిగా మూసుకుని బూస్ట్ ఆకాశానికెళ్తుంది, టర్బోకీ ఇంజనుకీ చేటు.

ఇంకోటి, "వాల్వ్ మార్చేయండి" అంటూ వచ్చినా ముందు పరీక్షలు తప్పవు. ఇంజను స్టార్ట్ చేయకుండా కీ ఆన్‌లో ఇన్‌టేక్ ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ మన ఊళ్ళో 100 కేపీఏ దగ్గర చూపాలి. 85 చూపిస్తే సెన్సర్‌నే అనుమానించాలి. తర్వాత పొగ పంపి లీకు పట్టే స్మోక్ టెస్టు, యాక్చుయేటర్ వాక్యూమ్ నిలుపుతోందా, రాడ్ పట్టేయకుండా కదులుతోందా, పొగని మళ్ళీ ఇంజనులోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకుని ఉండిపోయిందా. ఆఖర్న మూడో గేరులో రోడ్డు మీద అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్ పక్కపక్కన రికార్డు. చాలాసార్లు తేలేది వేడికి గట్టిపడి చివర చీలిన రబ్బరు గొట్టమే, లేకపోతే ఎలక కొరికిన గొట్టం. పార్టు మారకపోయినా పరీక్ష చార్జీ తీసుకుంటాం, దీని మీద బేరం లేదు.

ఆ వాల్వ్ వేయించుకున్న వాళ్ళందరికీ కంపెనీ వాల్వ్ ఉచితంగా మారుస్తాం, లేబరు కూడా లేదు. లైటు ఇంకా వెలగని వాళ్ళూ రండి. బిల్లు పోయినా పర్వాలేదు, బండి నంబరుతో మా కంప్యూటర్‌లో దొరుకుతుంది. పార్టు తెప్పించాలి కాబట్టి ముందు ఫోన్ చేయండి. వచ్చే రోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా తీసుకురండి. దారిలో ఎక్కడా కోడ్ చెరిపించుకోవద్దు. లైటు వెలిగిన క్షణాన ఆర్‌పీఎం, లోడు, ఇంజను వేడి ఎంతో ఈసీయూ రాసిపెట్టుకున్నది కూడా దాంతోపాటే చెరిగిపోతుంది.