‘హెచ్’ ట్రాకు దాటితే చాలునా?

సంపాదకులకు నమస్కారం.

పాతికేళ్ల క్రితం కర్రలు పాతిన మైదానంలో ‘హెచ్’ ఆకారంలో కారును ముందుకూ వెనక్కూ నడిపి, ఒక్క కర్రా పడకపోవడంతో లైసెన్సు పుచ్చుకున్నాను. కొన్నేళ్లకు ఒక ఎండాకాలం మధ్యాహ్నం హైవే మీద ముందు టైరు పేలగానే నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. బండి ఎడమకు లాగేసి, రోడ్డు దిగి, తుమ్మచెట్టుకు జానెడు దూరంలో ఆగింది. టైరు పేలితే స్టీరింగు గట్టిగా పట్టుకొని, యాక్సిలరేటరు నెమ్మదిగా వదలాలే తప్ప బ్రేకు తొక్కరాదని నాకు మొదటిసారి చెప్పినవాడు ఆ సాయంత్రం పంక్చరు షాపు కుర్రాడు.

విమానాల్లో సంగతి వేరు. టేకాఫ్‌లో ఇంజను ఆగితే ఏం చేయాలో పైలట్లు సిమ్యులేటరులో మళ్లీ మళ్లీ సాధన చేస్తారు. ఎయిర్‌లైన్ పైలట్లకు ఏడాదికి రెండుసార్లు ఆ పరీక్ష తప్పదు. అయినా 2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ తప్పుకున్నప్పుడు, ముక్కు దించవలసిన విమానాన్ని పైకి లాగుతూ పోవడంతో 228 మంది మరణించారు. అంత ఎత్తులో చేత్తో నడిపే సాధన వారికి లేదని దర్యాప్తులో తేలాక, ఆ లోటు పూడ్చేలా ప్రపంచవ్యాప్తంగా పైలట్ల శిక్షణను మార్చారు.

మన దగ్గర 2013 అక్టోబరు 30న పాలెం వద్ద బెంగళూరు–హైదరాబాదు బస్సు కల్వర్టును ఢీకొని కాలిపోయి 45 మంది చనిపోయారు. 2025 అక్టోబరులో కర్నూలు సమీపంలో మరో స్లీపరు బస్సు కాలింది. కారణాలు వేరు కావచ్చు, కానీ పొగ కమ్మిన చీకట్లో ఏ తలుపు తెరవాలి, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుంది, నిద్రలో ఉన్నవారిని ముందెవరు లేపాలి అన్నవి ఏ లైసెన్సు పరీక్షలోనూ అడగరు.

పెట్రోలు, రసాయనాల ట్యాంకర్లు నడిపేవారికి ప్రత్యేక శిక్షణ ఉండాలని మన నిబంధనలే చెబుతున్నాయి. నలభై మందిని ఎక్కించుకొని రాత్రంతా నడిపేవారికీ దాన్ని వర్తింపజేసి, అయిదేళ్లకోసారి లైసెన్సు రెన్యువలుకు వచ్చినప్పుడు ఒక పూట టైరు పేలుడు, బ్రేకు ఫెయిలు, మంటల మీద సాధన చేయించాలని రవాణా శాఖను కోరుతున్నాను. ఖరీదైన సిమ్యులేటర్లు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ప్రయాణికులను దింపే సాధనకు తుక్కుకు పోయే ఆర్టీసీ బస్సు ఒకటి, కొంచెం పొగ, చేతిలో స్టాప్‌వాచీ ఉన్న ఇన్‌స్పెక్టరు ఒకరు ఉంటే సరిపోతుంది.

— ఒక పాఠకుడు, నల్గొండ