వార్షిక కార్యకలాపాల నివేదిక: సర్వసభ్య సమావేశానికి సమర్పణ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం మన తెలుగు సంఘపు ఈ ఏటి కార్యకలాపాల నివేదికను మీ ముందు ఉంచుతున్నాను. ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, సంక్రాంతి వేడుకలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు మీకు ఇదివరకే అందాయి. ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది, మన పిల్లలు ఈ న్యూ ఆర్లీన్స్ నగరపు సంగీతాన్ని, ముఖ్యంగా ఇక్కడే నల్లజాతివారి మధ్య పుట్టిన జాజ్ సంగీతాన్ని వాయించే ప్రిజర్వేషన్ హాల్ బృందం చరిత్రను, తెలుగులో వివరించిన సదస్సు.

నగరంలోని పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో సెయింట్ పీటర్ వీధిలోని 726వ నంబరు భవనాన్ని మనలో చాలామంది ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించే ఉంటారు. 1950లలో అక్కడ లారీ బోరెన్‌స్టీన్ చిత్రశాల నడిపేవారు. దాన్ని విడిచి కచేరీలకు వెళ్లే వీలులేక, రాక్ అండ్ రోల్ హోరులో అవకాశాలు తగ్గిపోయిన పాతతరం వాద్యకారులనే ఆయన అక్కడికి పిలిపించుకునేవారు. 1961లో ఆ గదే ప్రిజర్వేషన్ హాల్ అయింది. కొత్తగా పెళ్లయి ఈ ఊరు వచ్చిన అలన్ జాఫీ, శాండ్రా జాఫీ దంపతులు ఆ ఏడాదే దాని భారాన్ని నెత్తికెత్తుకున్నారు. నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చోవడానికే చట్టాలు అడ్డుపడిన రోజుల్లో, ఆ గదిలో అందరూ పక్కపక్కనే కూర్చుని విన్నారు. మద్యం అమ్మకుండా, కొన్ని బల్లలు, నేల మీద మెత్తలు మాత్రమే వేసి నడిపిన చోటు అది. 1963 నుంచి బృందం ఊరూరా పర్యటించడం మొదలుపెట్టింది.

పిల్లలు చెప్పినవాటిలో అందరినీ కదిలించింది పియానో వాయించిన స్వీట్ ఎమ్మా బారెట్ కథ. ఎర్రటోపీ పెట్టుకుని, మోకాళ్ల దగ్గర గజ్జెలు కట్టుకుని ఆమె కాలితో తాళం వేస్తుంటే ఆ గజ్జెలు కూడా పాటలో కలిసి మోగేవి. 1967లో పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయినా, కుడిచేత్తోనే ఏళ్ల తరబడి వాయించారు. బృందంలోని హంఫ్రీ సోదరులు, క్లారినెట్ వాయించిన విల్లీ, ట్రంపెట్ వాయించిన పెర్సీ, తొంభై ఏళ్లు నిండేదాకా జీవించి 1994, 1995 సంవత్సరాల్లో కన్నుమూశారు. బృందంలో తానే ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూరా వాయించిన అలన్ జాఫీ మాత్రం 1987లో, 51 ఏళ్లకే పోయారు. కొన్నేళ్లకు, 1993లో చదువు ముగించుకుని వచ్చిన కుమారుడు బెన్ హాలు నడిపే బాధ్యత తీసుకున్నారు. 2005లో కత్రినా తుపాను వాద్యకారులను చెల్లాచెదురు చేసి, హాలును నెలల తరబడి మూయించింది. మరుసటి ఏడాదే బృందానికి అమెరికా ప్రభుత్వపు జాతీయ కళాపతకం దక్కింది. పాత పాటలకే పరిమితమనుకున్న ఈ బృందం 2013లో పూర్తిగా సొంత బాణీలతో ఆల్బమ్ విడుదల చేసింది. సంప్రదాయం అంటే పాతదాన్ని అద్దాల బీరువాలో దాచడం కాదని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఈ విషయాన్నే సదస్సుకు ఎంచుకున్నాం.

ట్రంపెట్ ప్రధాన బాణీని పట్టుకుంటే, పైస్థాయిలో క్లారినెట్ దాన్ని అల్లుకుంటూ పోవడం, కింద నుంచి ట్రాంబోన్ ఊతమివ్వడం ఎలాగో స్థానిక వాద్యకారుడొకరు వాయించి చూపారు. శ్మశానానికి మందగతిలో శోకగీతం వాయిస్తూ వెళ్లి, అంత్యక్రియలయ్యాక ఉత్సాహంగా వాయిస్తూ తిరిగొచ్చే ఇక్కడి ఆచారాన్ని ఆయన వివరించినప్పుడు, గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, “మా ఊళ్లో మేమూ డప్పులతోనే సాగనంపుతాం నాయనా” అన్నారు. ఆ మాటతో సభ అంతా ఒక్కటైంది.

ఆ వాద్యకారునికి, పిల్లల చేత నెలల తరబడి సాధన చేయించిన తల్లిదండ్రులకు, తెల్లవారుజామునే లేచి పులిహోర, దద్దోజనం చేసి తెచ్చిన అమ్మలకు, మైకులు సర్దిన యువకులకు, పెద్దవాళ్లను కార్లలో ఎక్కించుకొచ్చిన సభ్యులకు కార్యవర్గం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. అదే సమయంలో ఒక మాట చెప్పక తప్పదు. స్వచ్ఛందంగా పనిచేస్తామని పేర్లిచ్చినవారిలో ఎక్కువమంది ఆ రోజు కనిపించలేదు. కుర్చీలు మోసింది, హాలు ఊడ్చింది ప్రతి కార్యక్రమంలోనూ కనిపించే ఆ కొద్దిమందే. రాలేమని ముందురోజు ఫోన్ చేసినా వేరే ఏర్పాటు చేసుకునేవాళ్లం. అనుమతి పత్రం ఇవ్వవలసిన కార్యాలయం చివరి వారం దాకా మమ్మల్ని తిప్పించుకోవడం కూడా బాధ కలిగించింది.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతచేశాం. సందేహాలకు కోశాధికారి సమావేశంలో జవాబిస్తారు. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు ఆ రోజే చెల్లించగలరు.

వచ్చే ఏడాది మన పిల్లల్లో ఆసక్తి ఉన్నవారికి క్లారినెట్, ట్రంపెట్ నేర్పించే ఏర్పాటు చేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. దీన్ని ఆమోదించవలసిందిగా సభ్యులను కోరుతున్నాను. ఈ పని చూసే ఉపసంఘంలో చేరదలచినవారు, వారాంతాల్లో తప్పకుండా సమయం ఇవ్వగలిగితేనే, సమావేశానికి ముందు తమ పేర్లు నాకు తెలియజేయగలరు.

ఇట్లు,
కార్యదర్శి