గోడ మీది ఫొటోలు ఎందుకు తీసేశామంటే

మన జిమ్‌లోకి అడుగుపెట్టగానే ఎదురుగా గోడ నిండా ‘అప్పుడు, ఇప్పుడు’ ఫొటోలు ఉండేవి కదా, అవి తీసేశాం. ఎందుకు తీశారని చాలామంది అడిగారు. ఆ ఫొటోల్లో ఉన్న ఒకరిద్దరు కాస్త నొచ్చుకున్నారు కూడా. వాళ్ల కష్టం మీద మాకు ఏ అనుమానమూ లేదు, మా కళ్ల ముందు పడ్డ కష్టమే అది. ఎవరి ఫొటో వాళ్లకి ఇచ్చేస్తాం, కౌంటర్ దగ్గర అడిగి తీసుకోండి. ఇంకా కొన్ని మార్పులు వస్తున్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెబితే తలా ఒక రకంగా వెళ్తుంది, అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

జిమ్‌లో ట్రైనర్ నోటితో చెప్పేదానికన్నా జనం చుట్టూ చూసి నేర్చుకునేదే ఎక్కువ. ట్రైనర్ మీ పక్కన నిలబడేది కాసేపే. మిగతా టైమంతా గోడ, అద్దం, మెషిన్ మీద వెలిగే అంకెలు, కౌంటర్ మీది పౌడర్ డబ్బాలు, పక్క బెంచీ మీది మనిషి, ఇవే మాస్టర్లు. ఫిట్‌నెస్ గురించి చాలామందికి తెలిసినదంతా ఇక్కడ పోగైనదే. అందుకని మా గోడ ఏం చెబుతోందో ఒకసారి చూసుకోవడం మా పనే అనిపించింది.

ఆ ఫొటోలు చెప్పేది ఒకటే: ఆరోగ్యమంటే పొట్ట ఆకారం. రెండో ఫొటోలో వెలుతురు వేరు, నిలబడ్డ తీరు వేరు, ఊపిరి బిగబట్టడం వేరు, అవన్నీ పక్కన పెట్టండి. నా అభ్యంతరం ఇంకొకటి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో బీపీ అదుపులోకి వచ్చినవాళ్లు ఉన్నారు. రాత్రిళ్లు నిద్ర పడుతోందని చెప్పినవాళ్లు ఉన్నారు. ఉదయం రద్దీ తగ్గాక వచ్చే ఒకావిడ, వయసులో పెద్దావిడ, చేరినప్పుడు కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి, ఒక్క ఊపుతో లేచేవారు. ఇప్పుడు చేతులు గుండెల మీద కట్టుకుని వరసగా పదిసార్లు కూర్చుని లేస్తారు. బరువు కాటా మీద పెద్దగా తేడా లేదు. ఫొటో తీస్తే అప్పటికీ ఇప్పటికీ మనిషి అదే మనిషి. మా దగ్గర జరిగిన మంచి పనుల్లో అదొకటి, కానీ మా గోడ మీద దానికి చోటు లేదు.

ఇక ఆ కాటా సంగతి. డ్రెస్సింగ్ రూమ్ బయట ఉన్న కాటా దగ్గర రోజూ ఒక తంతు జరుగుతుంది. వర్కవుట్‌కి ముందు ఎక్కి చూసుకుంటారు. గంట తర్వాత చెమటతో తడిసిన టీషర్టు పిండుకుంటూ మళ్లీ ఎక్కుతారు. ముల్లు కాస్త కిందికి వస్తుంది, మొహం వెలిగిపోతుంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేసి సీసాడు నీళ్లు గటగటా తాగుతారు. తగ్గినది ఆ నీళ్లే. కేజీ కొవ్వులో దాదాపు 7,700 కేలరీలు నిల్వ ఉంటాయని లెక్క. గంటసేపు గట్టిగా చేసినా ఒక మనిషి ఖర్చు చేసేది అందులో చిన్న వంతు. ఆ కాటాని ఇప్పుడు ట్రైనర్ల గదిలో పెట్టాం. కావలసినవాళ్లు వారానికోసారి, ఒకే వేళకి వచ్చి చూసుకోండి. రోజుకి రెండుసార్లు చూసుకుంటే తెలిసేది ఎంత చెమట పట్టిందనే.

ట్రెడ్‌మిల్, సైకిల్ మీది కేలరీల అంకె మీద స్టిక్కర్ అంటించింది కూడా మేమే, ఎవరో అల్లరి పని అనుకోకండి. ఆ మెషిన్‌కి మీ గురించి తెలిసింది చాలా తక్కువ. పట్టీ వేగం తెలుసు, పట్టీ వాలు తెలుసు, బరువు మీరు నొక్కితే తెలుసు. పక్క కడ్డీలు పట్టుకుని వేలాడుతూ నడిచినా అది పూర్తి లెక్కే చూపిస్తుంది. ‘ఇంత కరిగించాను కాబట్టి ఇంత తినొచ్చు’ అని దాన్ని నమ్ముకుని లెక్కలు వేసుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

దాని పక్కనే ఉండే గుండె వేగం చార్టు కూడా తీసేశాం. 220 లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ గుండె వేగం వస్తుందనే లెక్క 1970ల నుంచి జిమ్‌లన్నిటిలో తిరుగుతోంది. అది పద్ధతిగా చేసిన పరిశోధనలోంచి పుట్టినది కాదు. 2001లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయమన్నారు. అరవై ఏళ్ల మనిషికి పాత లెక్కలో 160 వస్తుంది, కొత్త లెక్కలో 166. అది కూడా సగటే, ఒక్కో మనిషి దగ్గర పది పన్నెండు అటూ ఇటూ ఉండొచ్చు. బీపీకో గుండెకో బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకైతే ఈ చార్టు అసలు పనికిరాదు, ఆ మందు గుండె వేగాన్నే తగ్గిస్తుంది. వీటన్నిటికంటే సులువైనది ఒకటుంది. మాట్లాడగలుగుతున్నారు గానీ పాట పాడలేకపోతున్నారంటే మధ్యస్థంగా చేస్తున్నట్టు. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తోందంటే గట్టిగా చేస్తున్నట్టు.

పొట్ట ఎక్సర్‌సైజులు చేస్తే పొట్ట కరుగుతుందా అనే ప్రశ్న మాకు రోజూ వస్తుంది. ఎక్కడ పని చేయిస్తే అక్కడి కొవ్వే కరుగుతుందనుకుంటే, టెన్నిస్ ఆటగాళ్లకి రాకెట్ పట్టే చెయ్యి రెండోదానికన్నా సన్నబడాలి. 1971లో కొలిచి చూశారు. ఆడే చేతికి కండ ఎక్కువగా ఉంది, చర్మం కింది కొవ్వు మాత్రం రెండు చేతుల్లోనూ ఇంచుమించు ఒకటే. క్రంచెస్ లాంటి పొట్ట ఎక్సర్‌సైజులు మానేయమని కాదు, పొట్ట కండరాలకి మంచివే. వాటి మీద లేనిపోని ఆశ పెట్టుకోవద్దనే.

పౌడర్ డబ్బాలు కూడా కౌంటర్ మీద ఉండవు. దీని వల్ల మాకు ఆదాయం తగ్గుతుంది, దాచేదేం లేదు. ప్రొటీన్ పౌడర్ విషమేం కాదు, అవసరమైనవాళ్లకి అదొక వెసులుబాటు. కానీ ట్రైనర్ సలహా ఇచ్చే చోటే ఆ సరుకు అమ్మకానికి ఉంటే ఆ సలహాని మీరు ఎలా నమ్మాలి? ‘అన్నా, ఏ డబ్బా తీసుకోమంటావ్?’ అని అడిగిన కుర్రాడికి మా ట్రైనర్ ‘ముందు ఇంట్లో ఏం తింటున్నావో చెప్పు’ అని అడగగలగాలి. ఇంజెక్షన్ల మాట, త్వరగా కండ పెంచే మాత్రల మాట లాకర్ల దగ్గర ఎత్తినవాళ్లకి మాత్రం మెంబర్‌షిప్ ఆ రోజుతోనే ఆఖరు. కండ కోసం వాడే ఈ స్టెరాయిడ్లు గుండెనీ కాలేయాన్నీ దెబ్బతీస్తాయి, మగవాళ్లలో శరీరం సొంతంగా మగ హార్మోన్ తయారు చేసుకోవడాన్ని అణిచేస్తాయి. ఇందులో మొహమాటాలు లేవు.

ఇప్పుడు అసలు ఇరకాటం సంగతి. జిమ్ వ్యాపారం చాలావరకు రాని మనుషుల మీద నడుస్తుంది. మెంబర్లందరూ ఒకే సాయంత్రం వస్తే ఏ జిమ్‌లోనూ నిలబడడానికి చోటుండదు. అమెరికాలో మూడు హెల్త్ క్లబ్బుల రికార్డులు తీసి ఇద్దరు ఆర్థికవేత్తలు 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలవారీ మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్లు నెలకి ఐదుసార్లు కూడా రావడం లేదు. వచ్చిన ప్రతిసారీ విడిగా పాస్ కొనుక్కుని ఉంటే వాళ్లకి ఎంతో చౌకయ్యేది. ఆఖరుసారి వచ్చిన రోజుకీ మెంబర్‌షిప్ రద్దు చేసుకున్న రోజుకీ మధ్య సగటున రెండు నెలల పైనే గడిచింది. రేపటి నుంచి వెళ్తాను అనే మాటకి కట్టిన రుసుము అది. మీలో కొందరు నవ్వుకుంటూ ఉంటారు ఇది చదివి.

ఇలాంటి వ్యాపారం ‘ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు’ లాంటి పోస్టర్లు అంటించుకోవడం ఇంకా అన్యాయం. లండన్‌లో జరిగి 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో, కొత్త పని ఏ ఆలోచనా లేకుండా దానంతట అదే జరిగిపోయే స్థాయికి రావడానికి సగం మందికి 66 రోజుల దాకా, మిగతావాళ్లకి అంతకన్నా ఎక్కువే పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. వ్యాయామం లాంటివి నీళ్లు తాగడం లాంటి చిన్న పనులకన్నా ఎక్కువ టైమే తీసుకున్నాయి. ఇరవై ఒకటో రోజుకీ బద్ధకం వదల్లేదంటే మీలో ఏదో లోపం ఉందనుకోవద్దు. అదే అధ్యయనంలో ఇంకో ఊరట కలిగించే విషయం ఉంది. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు.

మనుషులు మానేసేది ఆ ఒక్క రోజు వల్ల కాదని నాకూ అనిపిస్తుంది. పెళ్లికో పరీక్షలకో వారం పోతుంది, జలుబుతో ఇంకో వారం. తర్వాత రావాలంటే మొహం చెల్లదు. ‘ఏంటి, ఈ మధ్య కనపడట్లేదు’ అని ట్రైనర్ అందరి ముందూ అంటాడేమోనని టెన్షన్. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక భారీ పరిశోధనలో 61,000 మందికి పైగా జిమ్ మెంబర్ల మీద 54 రకాల ప్రోత్సాహకాలు నాలుగు వారాల పాటు ప్రయత్నించారు. ఇంచుమించు సగం పథకాలకి జనం రాక పెరిగింది. పథకం అయిపోయాక కూడా ఆ ఫలితం నిలిచినవి 8 శాతమే. అన్నిటికన్నా బాగా పనిచేసినది ఏంటంటే, ఒకసారి తప్పి మళ్లీ వచ్చినవాళ్లకి ఇచ్చిన అతి చిన్న బహుమతి. అందుకని మా ట్రైనర్లకి గట్టిగా చెప్పాం: గ్యాప్ తర్వాత వచ్చినవాళ్లని ఎందుకు రాలేదని అడగొద్దు. ఆ రోజు వాళ్లకి సగం బరువులతో తేలిక వర్కవుట్ ఇచ్చి పంపాలి. మానేసి వచ్చిన మొదటి రోజే పాత బరువులన్నీ ఎత్తేయాలని చూడడం ప్రమాదం కూడా. కండరాలు విపరీతంగా దెబ్బతిని మూత్రం టీ డికాషన్ రంగులోకి మారితే అది మామూలు నొప్పి కాదు, కిడ్నీల మీదికి వస్తుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంతకీ జిమ్‌లో చేరితే ఆరోగ్యం బాగుపడుతుందా? 2017లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఏరోబిక్ (నడక, పరుగు లాంటి ఊపిరి వేగం పెంచే) వ్యాయామం, కండర వ్యాయామం రెండూ తగినంత చేసేవాళ్లు జిమ్ మెంబర్లలో 75 శాతం ఉంటే, మెంబర్లు కానివాళ్లలో 18 శాతమే ఉన్నారు. ప్రకటనకి బాగా పనికొచ్చే అంకె. కానీ చెట్టు ముందా విత్తు ముందా అన్నది అందులో తేలదు. వ్యాయామం మీద మనసున్నవాళ్లే జిమ్‌లో చేరి ఉండొచ్చు. 1953లో లండన్ బస్సుల మీద వచ్చిన ప్రసిద్ధ పరిశోధన చూడండి. రోజంతా కూర్చునే డ్రైవర్లకన్నా, డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. వాళ్లెవరూ జిమ్‌లో మెంబర్లు కారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వయోజనులకి చెప్పింది వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకి పని. మొదటిది మీరు ఎక్కడైనా చేసుకోవచ్చు, మా అవసరం లేదు. రెండోది, అంటే బరువులు సరైన పద్ధతిలో ఎత్తడం, మనిషి పక్కనుండి నేర్పితే తొందరగా వస్తుంది. మా దగ్గర నిజంగా డబ్బు కట్టదగినది అదేనని నా అభిప్రాయం. దాంతో పాటు, మిమ్మల్ని పేరు పెట్టి పలకరించే నలుగురు మనుషులు. సాయంత్రం బ్యాచ్‌లో కొందరు సెట్‌కీ సెట్‌కీ మధ్య చెప్పుకునే కబుర్లే ఎక్కువ. ముందు విసుక్కునేవాణ్ని, ఇప్పుడు ఏమీ అనను. ఆ కబుర్ల కోసమైనా వస్తున్నారు.

అద్దాల గురించి ఒక మాట. కొత్తవాళ్లకి, ముఖ్యంగా లావుగా ఉన్నామని సిగ్గుపడేవాళ్లకి, చుట్టూ అద్దాలుంటే నరకం. బాగా కండలు పెంచినవాళ్లలో కొందరికి కూడా ఎంత పెరిగినా చాలలేదనే బెంగ పట్టుకుంటుంది, వైద్యులు దానికి మజిల్ డిస్‌మార్ఫియా అని పేరు పెట్టారు. అందుకే లోపలి గదిలో అద్దాలు తీసేసి డంబెల్స్, చాపలు వేశాం. ఫొటోలు, వీడియోలు అక్కడ నిషేధం. రీల్స్ తీసుకునేవాళ్లు బయటి హాల్లో తీసుకోండి, వెనక ఎవరు కనిపిస్తున్నారో చూసుకుని.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఇవి కూడా: మెంబర్‌షిప్ ఆపుకోవాలంటే కౌంటర్‌కి వచ్చి కారణాలు చెప్పక్కర్లేదు, చేరినప్పుడు ఎలా మెసేజ్ పెట్టారో అలాగే పెడితే చాలు. వరసగా నెలరోజులు రాకపోతే మేమే మెసేజ్ పెట్టి కొనసాగించమంటారా, ఆపమంటారా అని అడుగుతాం. జవాబు రాకపోతే ఆపేస్తాం, మిగిలిన రోజులు మీరు వచ్చినప్పుడు కలుపుతాం. ఏడాదికి కట్టినవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. కొత్తగా చేరేవాళ్లకి మొదటి మూడు నెలల్లో తమ వర్కవుట్ తామే రాసుకోవడం నేర్పుతాం. అది వచ్చాక ఇంట్లోనే చేసుకుంటామని వెళ్లిపోయినా సంతోషమే. గుండెజబ్బు, ఛాతీ నొప్పి, ఈమధ్యే ఆపరేషన్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం ముందు మీ డాక్టర్‌తో మాట్లాడి, ఆ సంగతి ట్రైనర్ చెవిన వేసి మొదలుపెట్టండి.