కొలరాడో లెక్క హిమాచల్‌కు అతకదు

సంపాదకులకు,

అయ్యా,

గంజాయి జాతి మొక్క సాగును చట్టబద్ధం చేసి, దానిపై వచ్చే పన్నుతో బడులను, ఆసుపత్రులను బాగుచేసుకోవచ్చునన్న వాదన కొంతకాలంగా తరచు వినవస్తోంది. ఈ మాట అనేవారు ఒక వైపు హిమాచల్ ప్రదేశ్‌ను, మరో వైపు అమెరికాలోని కొలరాడోను చూపిస్తున్నారు. ట్రెజరీ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన నాకు, ఈ రెండింటినీ ఒకే పద్దు కింద రాయడం సరికాదనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

హిమాచల్ ఇబ్బంది నిజమైనదే. 2024 సెప్టెంబరులో అక్కడి ఉద్యోగులకు జీతాలు అయిదో తేదీన, పింఛన్లు పదో తేదీన గాని అందలేదు. అంతకు ముందే మద్యం సీసాకు పది రూపాయల చొప్పున ఆవుల పేరిట సెస్సు వేసిన ప్రభుత్వం అది. రెవెన్యూ మంత్రి జగత్ సింగ్ నేగీ అధ్యక్షతన 2023లో ఏర్పాటైన కమిటీ, ఔషధ, పారిశ్రామిక అవసరాల కోసం ఈ మొక్కను నియంత్రిత పద్ధతిలో సాగు చేయవచ్చునని నివేదిక ఇచ్చింది. 2025 జనవరిలో పాలంపూర్, నౌణీ విశ్వవిద్యాలయాల ద్వారా ప్రయోగాత్మక అధ్యయనానికి మంత్రివర్గం అనుమతించింది. ఏటా 500 కోట్ల నుంచి 2,000 కోట్ల రూపాయల ఆదాయం రావచ్చునన్న అంచనా కూడా వినిపించింది. నా అభ్యంతరం సాగు మీద కాదు. కోతులు, అడవి జంతువులు అంతగా పాడుచేయని పంటగా అది కొండ రైతుకు మేలు చేయవచ్చు. రైతుకు వచ్చే రాబడిని ఖజానాకు వచ్చే రాబడిగా లెక్కవేయడమే నా అభ్యంతరం.

రాజ్యాంగం ఏడో షెడ్యూలులో, రాష్ట్రాల జాబితాలోని 51వ అంశం నల్లమందు, గంజాయి వంటి మత్తు పదార్థాలపై ఎక్సైజు సుంకం విధించే అధికారాన్ని రాష్ట్రాలకు ఇస్తూనే, అవి కలిసిన ఔషధాలను అక్కడికక్కడే మినహాయించింది. ఈ మొక్క నుంచి వచ్చే నార, గింజల నూనె, బట్ట, మందులు అంగడికి చేరేసరికి ఎక్సైజు కిందికి కాక జీఎస్టీ పరిధిలోకి వస్తాయి. ఆ పన్నులో సగం కేంద్రానిది. మిగిలిన సగమైనా సరుకు పండిన రాష్ట్రానికి కాక, సరుకు వాడిన రాష్ట్రానికి చెందుతుంది కనుక, కులూలో పండిన నారతో నేసిన చొక్కా హైదరాబాదులో అమ్ముడైతే రాష్ట్ర వాటా తెలంగాణకు వస్తుంది గాని హిమాచల్‌కు పోదు. సిమ్లా ఖజానాకు నికరంగా మిగిలేది లైసెన్సు రుసుము, స్థానిక అమ్మకాల మీద కొద్దిపాటి వాటా. వీటితో వేల బడులను నడపడం సాధ్యమేనా?

కొలరాడోలో డబ్బు వచ్చింది నార మీద కాదు, మత్తు మీద. 2012లో ఓటర్లు ఆమోదించిన ఆ రాష్ట్ర రాజ్యాంగ 64వ సవరణ ప్రకారం 2014 జనవరి 1న అక్కడ గంజాయి దుకాణాలు తెరుచుకున్నాయి. సరుకు సాగుదారు నుంచి దుకాణానికి మారేటప్పుడు 15 శాతం ఎక్సైజు, కొనేవారి నుంచి ప్రత్యేక అమ్మకం పన్ను వసూలు చేస్తారు. ఎక్సైజులో ఏటా మొదటి నాలుగు కోట్ల డాలర్లు ప్రభుత్వ పాఠశాల భవనాలకే చెందాలని ఆ సవరణలోనే రాశారు. నిలకడ లేని రాబడిని నెలనెలా ఇచ్చే జీతాలకు కాక ఒకసారి కట్టే గోడలకు, కప్పులకు కేటాయించడం వివేకవంతమైన పని అని నేను ఒప్పుకుంటాను. అయినా ఎక్సైజును లెక్కగట్టేది టోకు ధర మీద కాబట్టి, సాగు విస్తరించి ధర పడిపోయేసరికి పన్నూ దానితోపాటే పడిపోయింది. పొరుగున న్యూ మెక్సికో కూడా 2022లో దుకాణాలు తెరిచింది. 2021లో 42 కోట్ల డాలర్లకు చేరిన కొలరాడో మొత్తం గంజాయి ఆదాయం 2024 నాటికి సుమారు 25 కోట్లకు దిగింది. మరో అమెరికా రాష్ట్రం ఒరెగాన్‌లో గంజాయి పన్నులో 40 శాతం పాఠశాలల నిధికి చేరుతుండేది. 2020లో ఓటర్లు ఆమోదించిన 110వ ప్రతిపాదనతో, ఏటా నాలుగున్నర కోట్ల డాలర్లకు మించిన రాబడి యావత్తూ మత్తు బాధితుల చికిత్సకు మళ్లింది. చికిత్సకు మళ్లడం న్యాయమే గాని, ఆ డబ్బును నమ్ముకున్నవారి పద్దు మాత్రం తలకిందులైంది.

మత్తు రాబడికి ఖజానా అలవాటు పడితే ఏమవుతుందో మనకు మరొకరు చెప్పనక్కరలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలతో ఊపందుకున్న సారా వ్యతిరేక ఉద్యమం ఫలితంగా ఆంధ్రప్రదేశ్‌లో 1995లో వచ్చిన మద్యనిషేధం 1997లోనే సడలడానికి ఖజానా లోటు ఒక ప్రధాన కారణం. ఒక పథకం ఒక మత్తు మీద ఆధారపడినప్పుడు, ఆ మత్తు తగ్గాలని కోరవలసిన అధికారే ఆ రాబడి తగ్గిందేమని సంజాయిషీ ఇచ్చుకోవలసి వస్తుంది.

2022 ఫిబ్రవరిలో మా అనకాపల్లి దగ్గర పోలీసులు సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టినప్పుడు, దీన్నంతటినీ పన్ను కట్టించి అమ్మి ఉంటే ఏజెన్సీలో ఎన్ని ఆసుపత్రులు కట్టవచ్చోనన్న మాట చదువుకున్నవారి నోట కూడా విన్నాను. ఏజెన్సీలో శీలావతి పేరుతో పండే పంటను ఎవరూ నార కోసం పండించరు. దాని అమ్మకాన్ని 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం నేరంగా పరిగణిస్తుంది. ఇప్పటికీ డోలీ మోతలు తప్పని కొండ ఊళ్లకు రోడ్డు వేయడం ప్రభుత్వం ఎలాగూ చేయవలసిన పని. దానికి గంజాయి రాబడితో ముడిపెట్టవలసిన అవసరం లేదు.

అందువల్ల, ఇటువంటి ప్రతిపాదన ఏ రాష్ట్ర శాసనసభ ముందుకు వచ్చినా, ఆదాయాన్ని ఒకే పెద్ద అంకెగా కాకుండా లైసెన్సు రుసుము ఎంత, జీఎస్టీలో రాష్ట్ర వాటా ఎంత, ఎక్సైజు ఎంత అని విడివిడిగా చూపాలనీ, తనిఖీలకు, ప్రయోగశాలలకు అయ్యే ఖర్చును అందులోంచి తీసివేసి చెప్పాలనీ సభ్యులు పట్టుబట్టాలి. రాష్ట్ర ఎక్సైజు మత్తు సరుకు మీదే గనుక, ఆ గడిలో సున్నా కాక మరే అంకె కనిపించినా, ఆ ప్రతిపాదన నార గురించి కాదని వారు వెంటనే ప్రశ్నించవచ్చు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి,
అనకాపల్లి